బావ కారుకి స్ప్రింగులు

మే 4
మందుల షాపు బల్ల మీద నుంచి

ఒరేయ్ నట్టూ,

ఫోనుండగా ఈ కాగితాల పిచ్చేమిటక్కా అని నవ్వుతావని తెలుసు. నవ్వడం అయ్యాక చదువు. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. ఏ మూల నించుని గుసగుసలాడినా మీ బావకి వినిపిస్తుంది. మెసేజ్ పెడదామంటే ఇంట్లో ఉన్నంతసేపూ నా ఫోను కూడా ఆయన దిండు పక్కనే ఉంటుంది. తన ఫోనులో చార్జింగ్ అయిపోతే నాది తీసుకుంటారు. అందుకని మందుల వంకతో కిందికొచ్చి, ఈ షాపాయన్ని పెన్నడిగి రాస్తున్నాను. జవాబు ఈ షాపు అడ్రసుకే రాయి. పొరపాటున ఇంటికి రాశావో, వీపు చిట్లగొడతాను.

విషయం ఏమిటంటే, నడుము ఆపరేషన్ అయ్యి స్ట్రెచర్ మీద నాలుగో అంతస్తుకి మోసుకొచ్చిన రోజు నుంచీ మీ బావ మెట్లు దిగలేదు. అది కిందటి వానాకాలం. మళ్ళీ వానలు రాబోతున్నాయి. రిపోర్టులన్నీ చూసి డాక్టరు హాయిగా తిరగమన్నాడు. ఈయనేమో టాక్సీ ఎక్కరు, ఒకళ్ళ కారు ఎక్కరు. ఎక్కితే తన కారే ఎక్కుతారట. ఆ కారుకి కుర్రతనం కొద్దీ తనే పొట్టి స్ప్రింగులు వేయించి, గట్టిగా బిగించి, నేలకి ఆనేలా దించుకున్నారు కదా? ఇప్పుడు చిన్న రాయి మీద ఎక్కినా నడుము కలుక్కుమంటుందని భయం. "సస్పెన్షన్ మార్చాక దిగుతాను" అంటారు. ఇల్లు కదలకుండా బాల్కనీలోంచి కింద ఆవరణలో ముసుగేసి ఉన్న ఆ ఎర్ర కారుని చూస్తూ కూర్చుంటారు.

కంటి ఆసుపత్రివాళ్ళు చూపు పరీక్ష చేసే నా కుర్చీ జులై నెలాఖరు దాకా ఆపుతామన్నారు. ఆ తర్వాత ఇంకొకళ్ళని పెట్టుకుంటారు. నేను కూరగాయలకి వెళ్ళి కాస్త ఆలస్యమైతేనే ఫోన్ల మీద ఫోన్లు. ఈయన దిగి నలుగురిలో పడితే తప్ప నేను పనికి వెళ్ళలేను.

నువ్వు పొద్దస్తమానం కార్ల కింద పడుకుని చేసేది ఈ పనే. మెత్తగా పోయే స్ప్రింగులు ఒక్క రకం చెప్పు. ఒక్కటే చెప్పు.

నీ అక్క


మే 12
వర్క్‌షాపు

అక్కా,

నీ ఉత్తరం గ్రీజు చేతుల్తోనే చదివాను, మరకలైతే నన్నేం అనకు. నట్టూ అని కవరు మీద కూడా రాశావు. మా వాళ్ళకిప్పుడు నా పాత చరిత్రంతా తెలిసిపోయింది. చిన్నప్పుడు నట్టు మింగినవాడు పెద్దయ్యాక నట్లు బిగించి బతుకుతున్నాడని ఒకటే నవ్వులు.

నువ్వు మరీ గాభరా పడుతున్నావేమో అనిపిస్తోంది. బావ నాకు వారం వారం ఫోన్ చేస్తాడు. రోజూ మెట్లెక్కి దిగుతున్నానని చెప్పాడే? గొంతులో పాత హుషారు ఉంది. మొన్న స్ప్రింగుల గురించి మాట్లాడుకుంటూ ఉంటే మా ఓనరు వచ్చి ఫోన్ లాక్కున్నంత పని చేశాడు.

ఇక నీ ప్రశ్న. ఒక్కటి చెప్పమంటే ఎలా చెప్పను? మొదటిది, కారుతో వచ్చిన మామూలు స్ప్రింగులు మళ్ళీ వేసెయ్యడం. మెత్తగా ఉంటుంది కానీ కారు కాస్త లేచి నించుంటుంది, బావ ఒప్పుకోడు. రెండోది, ఆ పొట్టివే ఉంచి మంచి షాకులు, అంటే కుదుపుని మింగే గొట్టాలు, వెయ్యడం. పైన చిన్న మర ఉంటుంది, అటు తిప్పితే మెత్తన, ఇటు తిప్పితే గట్టి. మూడోది కాయిలోవర్. స్ప్రింగూ షాకూ ఒకే కడ్డీకి అమర్చి ఉంటాయి, కారు ఎత్తు కూడా మార్చుకోవచ్చు. నాలుగోది, అడుగున ఒక లావుపాటి కడ్డీ. మలుపుల్లో కారు పక్కకి ఒరగకుండా అది పట్టుకుంటుంది, అప్పుడు స్ప్రింగు మెత్తగా ఉన్నా పరవాలేదు. బావకి నాలుగూ చెప్పాను. చాలా సంతోషించాడు.

నిన్న ఒకాయన కారుని ఎంత దించించాడంటే సొంత గేటు దాటట్లేదు. కారు లోపల, ఆయన బయట. నడుచుకుంటూ వచ్చి మమ్మల్ని తిట్టి వెళ్ళాడు. కాబట్టి ఆలోచించి చెయ్యాలి. ముందు ఇప్పుడున్న స్ప్రింగుల మీద ఏ నంబరు ఉందో ఎవరినైనా కారు కింద దూరి చూడమను.

నీ తమ్ముడు


మే 25
మందుల షాపు

ఒరేయ్,

ఒక్కటి అడిగితే నాలుగు చెప్పావు. పైగా ఆ నాలుగూ తీసుకెళ్ళి ఆయన చెవిన వేశావు. నీకు చెలగాటం, నాకు ప్రాణసంకటం.

మెట్లెక్కి దిగుతున్నాననడం పచ్చి అబద్ధం. చెప్పులు మంచం కింద దుమ్ము పట్టి ఉన్నాయి. నేను తుడుస్తుంటే "అవి కదపకు" అంటారు. పొద్దున లేచి టీ తాగి, పక్క మీదే వెనక్కి ఆనుకుని ఫోనులో స్ప్రింగుల వీడియోలు పెడతారు. ఎవరో కారుని గుంతలో దించుతాడు, ఎత్తుతాడు, మళ్ళీ దించుతాడు. మధ్యాహ్నానికి మూడోది ఖాయం అంటారు. సాయంత్రానికి "మూడోదాంట్లో ఎత్తు మార్చే మర వానకి తుప్పు పడుతుందట" అని రెండో దానికి వస్తారు. రాత్రి అన్నం తింటూ "అసలు మొదటిదే మంచిదేమో" అంటారు. అది వేస్తే కారు ఎద్దుబండిలా లేచి ఉంటుందని పొద్దున మళ్ళీ వద్దంటారు. నేను తల ఊపుతాను. ఊపి ఊపి మెడ పట్టేసింది, ఆయనతో పాటు నాకూ ఆపరేషన్ చెయ్యాలేమో.

నంబరు చూపించమన్నావు కదా అని సందు చివరి మెకానిక్‌ని పిలిచి చూపించాను. చీటీ ఇందులో పెట్టాను. మీ బావ నిద్రపోతున్నారనుకున్నాను, కానీ బాల్కనీలోంచి చూశారు. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. నేను మామూలుగానే ఉన్నాను.

వంటింటి కిటికీ తీస్తే ఎదురు గోడే కనిపిస్తుంది. గోడ మీద ఒక పైపు, పైపు మీద పావురం. నిన్న ఆ పావురంతో మాట్లాడుతూ దొరికిపోయాను నాకు నేనే. కుడితిలో పడ్డ ఎలుకలా ఉందిరా నా బతుకు. దయచేసి ఒక్కటే చెప్పు.

నీ అక్క


జూన్ 6
వర్క్‌షాపు

అక్కా,

ఈ ఉత్తరం కోపంతోనే రాస్తున్నాను. దాచడం ఎందుకు.

బావ నిన్న ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. కారు అమ్మడానికి బేరం పెట్టావట కదా? ఎవడినో పిలిపించి కారు కిందా పైనా చూపించావట. స్ప్రింగుల సంగతి నాతో రహస్యంగా మాట్లాడి, నన్ను అడ్డం పెట్టుకుని ఇదా నువ్వు చేస్తున్నది? నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది బావ. ఈ పనిలో పెట్టించింది బావ. మన నాన్న నన్ను పనికిరానివాడని ఇంట్లో కూర్చోబెట్టినప్పుడు ఆ ఎర్ర కారులో ఎక్కించుకుని తీసుకెళ్ళి "వీడి చెవికి ఇంజన్ మాట వినిపిస్తుంది" అని మా ఓనరుకి చెప్పింది ఆయనే. మంచాన పడ్డ మనిషికి మిగిలింది ఆ కారొక్కటే. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇదేమిటక్కా? కాస్త ఓపిక పట్టు.

మర తిప్పే షాకుల పెట్టె బావ పేరు మీద పంపాను. రెండోది, నీ మాట ప్రకారం ఒక్కటే. ఇంకో సంగతి, స్ప్రింగుల కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు బుష్షులు కూడా మారిస్తే ఎలా ఉంటుందని బావ అడిగాడు. మంచి ప్రశ్న. రెండు రకాలున్నాయి, వివరాలు ఫోన్‌లో చెప్తానన్నాను.

తమ్ముడు


జూన్ 19
మందుల షాపు

నీ ఉత్తరం చదివి ఈ బల్ల దగ్గరే ఏడ్చాను. షాపాయన మందు ఏదైనా పడలేదేమోనని కంగారుపడి స్టూలు వేశాడు.

నంబరు చూపించమన్నది నువ్వు. నీ మే నెల ఉత్తరం తీసి నీ ముందు పెట్టనా? నువ్వు అడిగావని పిలిచినవాణ్ణి చూసి ఆయన కారు అమ్మేస్తున్నాననుకున్నారు. అనుకుని నన్ను అడగలేదు, నీకు చెప్పారు. నువ్వూ నన్ను అడగలేదు, తిట్టావు. ఇద్దరూ ఇద్దరే. ఆ కారు నేనెందుకు అమ్ముతానురా? ఆ కారులోనే కదా ఆయన నన్ను మొదటిసారి ఊరి బయటికి తీసుకెళ్ళి, మాట్లాడలేక, గేర్ల గురించి గంట చెప్పింది? నవ్వాపుకోలేక నేను పెళ్ళికి ఒప్పేసుకున్నాను.

నీ పెట్టె వచ్చింది. ఇంకా విప్పలేదు. మంచం పక్కన పెట్టుకుని దాని మీద టీ కప్పు పెడుతున్నారు. ఎందుకు విప్పరంటే ముందు బుష్షులు తేలాలట! ఆ మాట నువ్వు చెప్పిందే. నువ్వు ఫోనులో ఒక కొత్త పేరు చెప్పినప్పుడల్లా ఇక్కడ నాకు ఇంకో నెల జైలు పడుతోంది.

ఇప్పటికి నాకు అర్థమైంది, నీకూ అర్థం కావాలి. ఎంపిక అయిపోతే ఆయన దిగాలి. అందుకని అవనివ్వరు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఉంది యవ్వారం. ఆసుపత్రిలో చూపు పరీక్షకి నా ఎదుట కూర్చునేవాళ్ళలోనూ ఇలాంటివాళ్ళు ఉండేవాళ్ళు. అద్దం మార్చి ఇదా, అదా అని అడుగుతాం కదా. కొందరు "ఇంకోసారి చూపించండి" అంటూనే ఉంటారు. వాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తుంటాయి. తప్పు చెప్తే ఏమవుతుందో అని భయం. బయట వరుసలో జనం విసుక్కుంటుంటారు. అప్పుడు నేనే ఒకటి రాసిచ్చి పంపేదాన్ని. వాళ్ళలో ఒక్కరూ తిరిగొచ్చి దెబ్బలాడలేదు.

ఆసుపత్రి నుంచి పెద్దావిడ మళ్ళీ ఫోన్ చేసింది. నేను "చూస్తాను మేడమ్" అన్నాను. ఫోన్ పెట్టగానే మీ బావ "ఎవరు?" అన్నారు. "రాంగ్ నంబర్" అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. నా ఇంట్లో నేను దొంగలా బతుకుతున్నాను. నాకు ఊపిరాడట్లేదు.

ఆయన్ని ఇంక ఏమీ అడగకు. నువ్వే వచ్చి బిగించి పో.

అక్క


జూన్ 25
వర్క్‌షాపు

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు బుద్ధి లేదు. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

జులై రెండో ఆదివారం వస్తున్నాను. కారుతో వచ్చిన మామూలు స్ప్రింగుల లాంటివే, కొంచెం పొట్టివి, మెత్తటివి తెస్తున్నాను. నేను పంపిన షాకుల మర మెత్తన వైపు చివరిదాకా తిప్పి బిగిస్తాను. నాలుగు రకాల్లో ఏది మంచిదని ఎవరడిగినా చెప్పను. బావ అడిగినా చెప్పను. ఈ వారం ఆయన ఫోన్ చేస్తే కారు కింద ఉన్నానని చెప్పించాను, మొదటిసారి అబద్ధం.

నువ్వు ఏడవకు. షాపాయనకి నా తరఫున థాంక్స్ చెప్పు.

నట్టు


జులై 15
వర్క్‌షాపు

అక్కా,

ఇంటికి చేరాను. బస్సులో నిద్ర పట్టలేదు, ఆ రోజు ఎన్నిసార్లు తలుచుకున్నానో.

నేను కింద వాన చినుకుల్లో జాకీ పెడుతుంటే పైనుంచి బావ ఫోన్. "ముందు ఎడమవైపు విప్పు." సరే అన్నాను. "బోల్టు చివరిదాకా ఇప్పుడే బిగించకు, కారు నేల మీదికి దించాక బిగించు." అదీ సరిగ్గానే చెప్పాడు. బాల్కనీ కడ్డీల మధ్య నుంచి ఆయన తల కనిపిస్తోంది, చెవిలో ఆయన గొంతు. పక్కన నించుని చెప్పినట్టే ఉంది, కానీ పక్కన లేడు. రెంచి కింద పడేశాను, అదీ చూశాడు. "మెల్లగారా నట్టూ" అన్నాడు.

నువ్వు పక్కన కూర్చుని కాలనీ చుట్టూ తిరిగావు కదా, ఎలా ఉంది? నాకు మాత్రం వెన్న మీద చెయ్యి పెట్టినట్టుంది. స్పీడ్ బ్రేకర్ దాటింది కూడా తెలియలేదు. ఇంక బావ దిగుతాడనే అనుకున్నాను. పైకొచ్చి చెప్తే ఎంత గబగబా చొక్కా వేసుకున్నాడు! బూట్లు నేను తొడిగాను. తలుపు దాకా వచ్చాడు. గుమ్మం పట్టుకుని మెట్ల వైపు చూశాడు. మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగి "టైర్లు మార్చాలి ముందు" అన్నాడు. నువ్వు వంటింట్లోకి వెళ్ళిపోయావు. నేను ఆ బూట్లు మళ్ళీ విప్పాను.

ఒకటి చెప్పాలి, కోపం తెచ్చుకోకు. ఆ టైర్లు నిజంగానే పలచటివి అక్కా, దెబ్బ నేరుగా సీటుకి వస్తుంది. బావ మాటలో న్యాయం లేకపోలేదు. మూడు రకాలు ఈ కాగితం వెనక రాశాను. నీకు వీలైతే చూపించు, లేకపోతే లేదు. ఆయన్ని అలా తలుపు దగ్గర చూశాక ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేకపోతున్నాను. నాకు చేతనైంది ఇదే.

నీ తమ్ముడు


జులై 31
కంటి ఆసుపత్రి, టీ వేళ

నట్టూ,

కాగితం వెనక ఉన్నది చించేశాను. నీ మీద కోపంతో కాదురా. అది పైకి వెళ్తే ఇంకో ఏడాది.

చోటు చూశావుగా, నా పాత కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. కుర్చీ ఎత్తు ఎవరో మార్చారు, సరిచేసుకున్నాను.

నిన్న పొద్దున స్నానం చేసి తయారయ్యాను. మీ బావ ఫోనులో టైర్లు చూస్తున్నారు, తన సొంత వెతుకులాట. "ఎక్కడికి?" అన్నారు. పనికి అన్నాను. "కారు ఇంకా అవలేదుగా" అన్నారు. "కారులో కాదు, బస్సులో" అన్నాను. ఆయన ఫోను దుప్పటి మీద పెట్టేసి "మరి నేనో?" అన్నారు. ఆ రెండు ముక్కలకే కదా ఇన్నాళ్ళూ నా కాళ్ళు ఆగిపోయింది. నిన్న కూడా ఆగాయి. ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఎంతసేపు నించున్నానో. తర్వాత "అన్నం టేబుల్ మీద ఉంది, సాయంత్రం వస్తాను" అని తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

బస్టాపు మా గేటుకి ఎదురుగానే ఉంది. రోజూ బాల్కనీలో బట్టలారేస్తూ చూసేదాన్నే. ఆయన తన కారు కోసం ఆగారు సరే, ఆయన కారు కోసం నేనెందుకు ఆగానో బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక కూడా నాకు అంతుపట్టలేదు. నా మీద నాకే ఎంత కోపమొచ్చిందో! పక్కావిడ టికెట్టు తీసుకున్నారా అని అడిగితే ఆవిడ మీద అరిచాను, పాపం.

పొద్దున్నంతా ఫోన్లు. మొదటిదెత్తి "పనిలో ఉన్నాను" అన్నాను. తర్వాత ఎత్తలేదు, ఎదురుగా పేషెంట్లు ఉన్నారు. మధ్యాహ్నం నుంచి ఫోన్లు ఆగిపోయాయి. అప్పుడు భయం మొదలైంది. నేను చేస్తే ఎత్తలేదు. వాన, బస్సు రాదు. వచ్చిన బస్సు కదలదు. దేవుడా, ఈ మనిషికి ఏమైనా అయితే స్ప్రింగుల కోసం ఓర్చుకున్నదాన్ని ఇంకో రోజు ఓర్చుకోలేకపోయానా అని ఏడుపొచ్చేసింది.

మెట్లు పరిగెత్తి ఎక్కాను. రెండో అంతస్తు మలుపులో మీ బావ కూర్చుని ఉన్నారు. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, ఒక కాలికే చెప్పుతో. పైకీ వెళ్ళలేక, కిందికీ రాలేక. పక్క ఇంటివాళ్ళు తలుపు తీసి చూసి లేపబోతే వద్దన్నారట. నన్ను చూసి "సాయంత్రం అన్నావు, చీకటి పడింది" అన్నారు, కోపంగానే.

పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పారు. ఆ రోజు స్ట్రెచర్ మీద పైకి మోస్తుంటే ఈ మెట్ల మీద అందరూ తలుపులు తీసుకుని చూశారట. దిగితే మళ్ళీ ఎక్కలేనేమో, మళ్ళీ నలుగురు మొయ్యాలేమో అని. "కారు గట్టిగా ఉండేదన్నది మాత్రం అబద్ధం కాదు" అని కూడా అన్నారు. అబద్ధం కాదని నాకు తెలుసు అన్నాను. భుజం మీద చెయ్యేయించుకుని, ప్రతి మలుపులో ఆగి, పైకి ఎక్కాం. ఎంతసేపు పట్టినా ఎవరూ మొయ్యలేదు.

"రేపూ వెళ్తావా?" అన్నారు. వెళ్తానన్నాను. ఈ పొద్దున నేను బయల్దేరేసరికి రెండు చెప్పులూ వేసుకుని తలుపు దగ్గర నించున్నారు. రెండో అంతస్తు దాకా నాతో దిగారు. అక్కణ్ణుంచి నేను బస్సుకి, ఆయన ఒక్కరే పైకి. నేను వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే ఆగిపోతానని. చేరాక ఫోన్ చెయ్యమన్నాను. ఇంకా రాలేదు. ఫోను ఎదురుగా పెట్టుకుని నీకు రాస్తున్నాను. నేను మాత్రం చెయ్యనురా, చచ్చినా చెయ్యను.

పిలుస్తున్నారు, లోపల ఒక ముసలాయన పరీక్ష కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

నీ అక్క

తా.క.: కవరు అంటించబోతుంటే ఫోను మోగింది. పైకి ఎక్కానని ఆయన చెప్పలేదు. "నీ అన్నం డబ్బా ఇక్కడ టేబుల్ మీదే మర్చిపోయావు, మతిమరుపుదానా" అని తిట్టారు.